పశువుల ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఒక డబ్బా

నరసరావుపేటలో చెవి మిషన్లు బాగుచేసే షాపు ఒకటుంది. నా మిషను గరగరమంటుంటే పోయిన వారం అక్కడికి వెళ్ళాను. మెకానిక్ ముప్పై ఏళ్ళ మనిషి. మిషను విప్పి భూతద్దంలో చూశాడు. బల్ల కింద ఉన్న చిన్న ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తీసి, తీసిన చేత్తోనే మూత తిప్పాడు. గుగ్గిలానికీ బూట్ పాలిష్‌కీ మధ్యరకం వాసన ఒకటి వచ్చింది. లోపల బూడిదరంగు ముద్ద ఉంది. "కాసేపు ఆగు నాయనా. చల్లగా ఉన్నప్పుడు మూత తీయకూడదు" అన్నాను. అతను తలెత్తి చూశాడు. "ఏంది మేడమ్, మీరూ ఈ లైన్లో చేశారా?" అన్నాడు. సోషల్ టీచర్నని చెప్పాను. నవ్వి మూత పెట్టేశాడు. "ఎంతసేపు ఆగాలంటారు?" అని అడిగాడు. మధ్యాహ్నందాకా అన్నాను. "అయితే భోంచేసి రండి. మీ మాట మీదే చేద్దాం" అన్నాడు. హోటల్లో భోజనానికి కూర్చున్నాను గానీ ఆ వాసన ముక్కు వదలలేదు.

అతనికి చెప్పిన మాట నాది కాదు, వెంకటరత్నం గారిది. ఆయన గురజాల పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఎనభైల చివర్లో నేను గురజాలలో ఒక హైస్కూల్లో కొత్తగా చేరినప్పుడు ఆయన ఇంట్లో ఒక గది, వసారా అద్దెకు తీసుకున్నాను. నెల తిరక్కుండానే ఆయన బాబాయ్ అయ్యారు, ఆయన భార్య సుబ్బాయమ్మ పిన్ని అయింది. బాబాయ్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చేతులు ఎప్పుడూ ఫినాయిల్ వాసన వేసేవి. మాట తక్కువ, ఉన్నదీ మొరటు. ఆయన్ని ఎరగనివాళ్ళకు ముందుగా చెప్పవలసింది ఆయన జేబులోని పెన్ను గురించి. ఇంట్లోకి ఏది వచ్చినా, ఏది తెరిచినా దాని మీద ఆ రోజు తేదీ రాసేవారు. టార్చిలైటు బ్యాటరీల మీద, పచ్చడి జాడీ మూత మీద, చివరికి కొత్త చీపురు పిడి మీద కూడా తేదీ ఉండేది. "నా నుదుటి మీద గూడా రాయరాదూ, పెళ్ళయిన తారీఖు" అనేది పిన్ని. "రాస్తే గడువు గూడా రాయాల్సొస్తది" అనేవారాయన, తల ఎత్తకుండానే.

ఆయనకు సరదా ఒక్కటే, ఎలక్ట్రానిక్స్. రేడియోలతో మొదలుపెట్టి, నేను చూసేనాటికి చెవి మిషన్ల దాకా వచ్చారు. వాళ్ళ అన్న పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో తూటాలు పేల్చే పని చేసి వినికిడి పోగొట్టుకున్నాడు. మొదటి మిషను ఆయన కోసమే చేశారట. అన్న దాన్ని ఒక్క పూట పెట్టుకుని, ఇంతకాలం హాయిగా ఉన్నానంటూ తిరిగి ఇచ్చేశాడట. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయ్ నవ్వలేదు, బాధపడినట్టూ కనిపించలేదు. మిషను పనిచేసింది, అంతవరకే తన పని అన్నట్టు చెప్పారు.

ఆ మిషన్లలో గోరంత పింగాణీ పలక ఒకటి ఉంటుంది. దాని మీద చీమ తలంత విడిభాగాలు అతకాలి. వాటి అతుకు అడుగున ఉంటుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ మొన అక్కడికి పోదు. అందుకని పలక మీద సోల్డర్ పేస్ట్ చుక్కలు పెట్టి, భాగాలను వాటి మీద కూర్చోబెట్టి, పలకను కిందినుంచి వేడి చేయాలి. ఈ పేస్ట్ అంటే సీసం, తగరం పొడిని జిగురులో కలిపిన ముద్ద. ఊళ్ళో రేడియో షాపుల్లో దొరికేది వేరు, ఇది వేరు. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన బావమరిది, గడువు దగ్గరపడి అక్కడ పక్కన పెట్టిన డబ్బాలు అడిగి తీసుకుని, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి బస్సులో తెచ్చేవాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆరునెలల ఆయుష్షులో గురజాల చేరేసరికి నెలో నెలన్నరో మిగిలేది. ఆ కాస్తయినా చల్లగా ఉంచితేనే. పల్నాటి ఎండకు బయట పెడితే పొడి అడుగుకు దిగి, జిగురు పైకి తేలి, వారంలో పనికిరాకుండా పోయేది.

అప్పట్లో మా వీధిలో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. ఉన్నది పశువుల ఆసుపత్రిలో, టీకా మందుల కోసం. బాబాయ్ డాక్టరు గారిని అడిగి, డబ్బాను రెండు మూతల టిన్నులో పెట్టి, టిన్నును గుడ్డలో చుట్టి కింది అరలో ఉంచేవారు. పైన పెద్ద అక్షరాలతో "మందు కాదు" అని రాశారు. అలా రాయడానికి కారణం ఒక రైతు. ఒకసారి మూత తీసి ఉండగా చూసి, "రత్నమా, ఆ బూడిదరంగు మందేదో బాగున్నట్టుందే, మా ఎద్దు మెడ పుండుకు కాస్త పుయ్యరాదా" అని పట్టుబట్టాడట. సీసమయ్యా, పుండుకు రాస్తే చస్తదని చెప్పినా నమ్మలేదట. మంచి మందు దాచుకుంటున్నాడని ఊళ్ళో చెప్పుకున్నాడట. ఫ్రిజ్‌లో వేడి ఎంత ఉందో పొద్దునా సాయంత్రం టీకాల పుస్తకంలో రాసేవారు గనుక, పేస్ట్‌కూ అదే లెక్క సరిపోయింది. కరెంటు పోతే ఐసు తెప్పించేవారు. టీకాల కోసమా, పేస్ట్ కోసమా అని పిన్ని ఎగతాళి చేసేది.

ఇక నా సంగతి. కాలేజీలో ఉండగా వచ్చిన పెద్ద జ్వరం తర్వాత నా కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. ఉద్యోగంలో చేరేముందు పరీక్ష చేసిన డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. పెదాలు చూసి సమాధానాలు చెప్పి గట్టెక్కాను. మా నాన్న లారీ నడుపుతూ నడుం దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. తమ్ముళ్ళిద్దరూ చదువుకుంటున్నారు. వచ్చే జీతం నాదొక్కటే, దానికీ ప్రొబేషన్ పూర్తి కాలేదు. కాబట్టి నా చెవుల సంగతి ఎవరికీ తెలియకూడదు. క్లాసులో దానికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. పిల్లలను ఎడమవైపు వరుసలోంచే లేపి ప్రశ్నలు అడిగేదాన్ని. పెదాలు ఆడడం ఆగగానే "కరెక్ట్, కూర్చో" అనేదాన్ని. చాలా సమాధానాలు కరెక్టే అయ్యేవి.

ఒకరోజు ఏడో తరగతిలో ఒక అమ్మాయి అడగకుండానే లేచి, తల వంచుకుని ఏదో చెప్పింది. కరెక్ట్, కూర్చో అన్నాను. క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది. పీరియడ్ అయ్యేసరికి డెస్కు మీద వాలిపోయి ఉంది. కడుపులో నొప్పిగా ఉంది, ఇంటికి పోతానని ఆమె అడిగిందట. పక్క పిల్లలు ఆమెను నడిపించుకుంటూ తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత బాగానే తిరిగి వచ్చింది. నేను పిన్నికి ఈ సంగతి చెప్పాను గానీ, పాఠం ధ్యాసలో పడి గమనించలేదని చెప్పాను.

ఆ వారమే బాబాయ్ నా వసారాలోకి వచ్చి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "అమ్మాయ్, నీకు కుడి చెవి వినపడదు గదా" అన్నారు. వినపడుతుంది బాబాయ్ అన్నాను. "పొద్దున నీ ఎనకాల నిలబడి మూడుసార్లు పిలిచా. గేదె అయినా చెవి కదిపేది." పిన్ని దగ్గర్లో ఉందేమోనని గుమ్మంవైపు చూశాను. "రెండోది?" అని అడిగారు. సగం అన్నాను. అంతకుముందు ఎవరికీ ఆ మాట చెప్పలేదు. ఆయన జాలిపడలేదు. ఎడమ చెవికి ఒక్కోవైపునుంచి గడియారం దగ్గరగా, దూరంగా పెట్టి, దాని చప్పుడు ఎక్కడ ఆగిపోతుందో కాగితం మీద రాసుకున్నారు. "చేస్తా. పేస్ట్ ఉంది, నాలుగు వారాల గడువుంది" అని లేచారు.

విడిభాగాలు ఆలస్యమయ్యాయి. అవి వచ్చేసరికి డిసెంబరు నడుస్తోంది, పేస్ట్‌కు ఇంకా వారమే గడువుంది. అదే సమయంలో స్కూల్లో ఇన్‌స్పెక్షన్ అని కబురు వచ్చింది. వచ్చే ఆఫీసరు ఒక్కో టీచరు క్లాసులో పీరియడంతా కూర్చుంటాడని, నా ప్రొబేషన్ కాగితం ఆయన రాసేదాన్నిబట్టే కదులుతుందని హెడ్మాస్టరు చెప్పారు. ఆయన వచ్చే ముందురోజు ఆదివారం. మిషను ఆ రోజే పూర్తిచేస్తానని బాబాయ్ అన్నారు. తెల్లవారుజామున ఆసుపత్రికి పోయి డబ్బా తెచ్చి వంటింటి గూట్లో పెట్టారు. "దీని చలి దానంతట అదే పోవాల. ఇప్పుడు మూత తీస్తే, చల్లటి సోడా సీసాకు బయట నీళ్ళు పట్టినట్టు దీనికి లోపల పట్టుద్ది. ఆ నీళ్ళు వేడికి పేలతయ్యి. మధ్యాహ్నానికి వస్తా. మూత తియ్యమాక" అని చెప్పి, గొర్రెలకు టీకాలు వేయడానికి పక్క ఊరికి సైకిలెక్కి పోయారు.

పదింటికి డబ్బాను పట్టుకుని చూశాను. ఇంకా చల్లగానే ఉంది. పెరట్లో నాపరాయి గట్టు మీద పిన్ని కొబ్బరినూనె సీసా పెట్టి ఉంది, గడ్డకట్టిన నూనె కరగడానికి. చలికాలంలో ప్రతి ఇంట్లో చేసే పనే. మూత తీయవద్దన్నారు, తీయలేదు. డబ్బాను తీసుకెళ్ళి ఆ సీసా పక్కన పెట్టాను. తొందరగా చలి వదులుతుంది, ఆయన వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది అనుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను. తర్వాత లోపలికి పోయి రేపటి పాఠం చూసుకున్నాను. బాబాయ్ వచ్చేసరికి ఒంటిగంట దాటింది. గట్టు చెయ్యి పెట్టలేనంతగా కాలి ఉంది.

ఆయన డబ్బాను చూశారు, కొబ్బరినూనె సీసాను చూశారు. డబ్బాను నీడలోకి తెచ్చి, చల్లారాక మూత తీశారు. పైన పసుప్పచ్చ జిగురు తేలి ఉంది. అంచుల వెంట పొడి ఎండి పెచ్చు కట్టింది. పుల్లతో కలిపితే ఇసుక కలిపినట్టుంది. ఇస్త్రీ పెట్టెను తలకిందులుగా రెండు ఇటుకల మధ్య నిలిపి, దాని మీద ఒక పాత పింగాణీ ముక్క పెట్టి, ముక్క మీద పేస్ట్ చుక్క పెట్టారు. నన్ను దగ్గరకు పిలిచి భూతద్దం ఇచ్చారు. వేడెక్కాక ఆ చుక్క ఒక్క బొట్టుగా కరగలేదు. చిటచిటలాడి, చుట్టూ ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న గుండ్లుగా విడిపోయింది.

"ఇదే పెట్టి చెయ్యండి బాబాయ్. రేపొక్కరోజు పనిచేస్తే చాలు" అన్నాను.

"ఇవాళ పలుకుద్ది. రేపు నువ్వు పాఠం చెప్పేటప్పుడు పలుకుద్దో లేదో నేను చెప్పలేను. మధ్యలో ఆగిపోయిందనుకో, వినపడట్లేదని గూడా తెలీకుండా నిలబడతావు."

"ఆగకపోవచ్చు గదా."

"ఆగకపోవచ్చు. నేను మటుకు చెయ్యను."

నాకు కోపం వచ్చింది. "మీ ఉద్యోగం పర్మనెంటు. మీరెన్నయినా చెప్తారు" అన్నాను. పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత మీద తేదీ వేసి, దాని కింద "ఎండ తగిలింది, వాడరాదు" అని రాశారు. ఎవరు ఎండలో పెట్టారో రాయలేదు. నా పేరు కూడా రాయండి అన్నాను, ఇంకా కోపంగానే. "పేరు రాస్తే పేస్ట్ బాగవుద్దా? ఏమయిందో రాస్తే చాలు" అన్నారు. పెన్ను జేబులో పెట్టుకుని, "రేపు ఆఫీసరు క్లాసులోకి రాంగానే నువ్వే చెప్పు, వినపడదని" అన్నారు. చెప్తే తీసేస్తారు అన్నాను. "తియ్యొచ్చు. చెప్పకపోతే ఆ కడుపునొప్పి పిల్ల సంగతేంది? ఈసారి ఇంకోపిల్ల లేస్తది." పిన్ని ఆయనకు చెప్పిందని, ఆ రోజు జరిగింది ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నారని అప్పుడు తెలిసింది.

మర్నాడు రెండో పీరియడ్‌కు ఆఫీసరు వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి. కుర్చీ కుడివైపు గోడ దగ్గర వేయించుకున్నాడు. కూర్చుంటూ ఏదో అన్నాడు. ఆయన పెదాలు నాకు కనిపించలేదు. అలవాటు ప్రకారం తల ఊపబోయాను. నలభై మంది పిల్లలు చూస్తున్నారు. "సార్, నాకు కుడి చెవి వినపడదు. ఎడమది సగమే. మీరన్నది అర్థం కాలేదు" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. ముందు బెంచీ పిల్లలు ఉలిక్కిపడడం మాత్రం చూశాను. ఆయన లేచి, కుర్చీ తనే మోసుకుని ఎడమవైపుకు వచ్చి, "ఇప్పుడో?" అన్నాడు. కొంచెం నయం సార్ అన్నాను. "పాఠం చెప్పండి" అన్నాడు. చెప్పాను. ప్రశ్నలడిగి, వినపడనిచోట మళ్ళీ చెప్పమన్నాను. ఒక పిల్ల నాలుగుసార్లు చెప్పి విసుక్కుని, చివరికి బోర్డు దగ్గరకొచ్చి రాసింది.

ఆఫీసరు దయ చూపాడని చెప్పలేను. టీచరుకు వినికిడి లోపం ఉందని, తనే తెలియజేసిందని, పాఠం బాగుందని, వైద్య పరీక్షకు పంపాలని రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. తర్వాత రెండు నెలలు ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియకుండా స్కూలుకు వెళ్ళాను. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఈ విషయం రాయలేదు. బాబాయ్ మీద కోపం పోలేదు. అద్దె ఇవ్వడానికి పిన్ని ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళేదాన్ని.

ఫిబ్రవరిలో బావమరిది కొత్త డబ్బా తెచ్చాడు. ఈసారి డబ్బా గూట్లో ఉన్నంతసేపూ నేను దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం బాబాయ్ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. కొబ్బరి ఈనె కొస చెక్కి, దానితో ఆవగింజలో సగమంత చుక్కలు పెట్టారు. ఈనెకు అంటి మిగిలిన పేస్ట్‌ను తిరిగి డబ్బాలో పెట్టకుండా కాగితానికి తుడిచేశారు. విడిభాగాలు కూర్చోబెట్టడానికి గంట పట్టింది. పలకను ఇస్త్రీ పెట్టె మీద పెట్టాక "ఇప్పుడు చూడు, మళ్ళీ చూద్దామన్నా కనపడదు" అన్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. జిగురు కరిగి తడిసినట్టయింది. తర్వాత ఒక అంచునుంచి బూడిదరంగు పోయి వెండిరంగు వచ్చింది. వంకరగా ఉన్న భాగాలు వాటంతట అవే జరిగి తిన్నగా కూర్చున్నాయి. పట్టకారుతో పలకను తీసి పక్కన పెట్టి, చల్లారేదాకా ఎవరినీ బల్ల కదపనివ్వలేదు. మిషను తగిలించుకున్నాక నేను మొదట విన్నది మనిషి గొంతు కాదు. గంజిపెట్టిన నా చీర కొంగు చప్పుడు. అంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. "ఏం వినపడతంది?" అని ఆయన అడిగింది రెండోది.

గుంటూరు పెద్దాసుపత్రి పరీక్షకు ఆ మిషను పెట్టుకునే వెళ్ళాను. వాళ్ళు మిషనుతో ఒకసారి, లేకుండా ఒకసారి చూసి, మిషను పెట్టుకుని పాఠాలు చెప్పవచ్చని రాసిచ్చారు. ప్రొబేషన్ ఏడాది పొడిగించి తర్వాత ఖాయం చేశారు. ఆ మిషను నాలుగేళ్ళు పనిచేసింది. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ప్రతి కొత్త క్లాసులో మొదటి నిమిషంలోనే నా చెవుల సంగతి చెప్పి, ఎటునుంచి మాట్లాడాలో చూపించేదాన్ని.

ఆయన చేసినవన్నీ సరైనవేనని నేననను. ఒకసారి పక్క ఊరి సర్పంచి వచ్చి, మా మామకు చెవి మిషను కావాలన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ తన చెయ్యే చెవి వెనక పెట్టుకున్నాడు. "మీ మామను తీసుకురా" అన్నారు బాబాయ్. ఆయన నడవలేడన్నాడు సర్పంచి. "అయితే నేనే వస్తా, ఇల్లు చూపియ్యి." ఆ మనిషి మొహం ఎర్రబడింది. మళ్ళీ రాలేదు. చేసిస్తే ఏం పోయేది బాబాయ్ అని అడిగాను. "పెట్టుకోడు. మా అన్న పెట్టుకున్నాడా?" అన్నారు. అతను మాత్రం పెట్టుకునేవాడేమో. ఊళ్ళో నలుగురిలో తిరిగే మనిషి తనకే వినపడదన్న మాట అనలేకపోవడం ఎలాంటిదో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఈ విషయంలో ఆయనతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. ఆయనకూ చెప్పాను. విన్నారు, మారలేదు.

గురజాల నుంచి బదిలీ అయ్యాక ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. పిన్ని ముందు పోయింది. ఆయన మాచర్లలో కొడుకు దగ్గరికి చేరారు. ఈ ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున ఆ కొడుకు ఫోన్ చేశాడు. ఫోన్‌లో మాటలు నాకు ఎప్పుడూ కష్టమే. ఏదో చెప్పాడని తెలిసింది, గొంతు బాగాలేదని తెలిసింది, మాట తెలియలేదు. ఊహించగలిగేదాన్నే. సరే నాయనా అని ఫోన్ పెట్టేసి ఎవరి ద్వారానైనా కనుక్కోవచ్చు కూడా. "నాకు వినపడలేదు, మళ్ళీ చెప్పు" అన్నాను. చెప్పాడు. అప్పటికీ అందలేదు. "ఇంకొకసారి, నిదానంగా" అన్నాను. తర్వాత అతను ఏడుపు ఆపుకుని, ఒక్కో మాటా విడిగా పలుకుతూ చెప్పాడు. "టీచరమ్మా. మా నాన్న. రాత్రి. పోయాడు."

వినపడిందని చెప్పాను.